సిద్ధంగా ఉన్నారా అని అడగడం దండగ కాదు

సుఖవ్యాధులతో ప్రభుత్వ సురక్ష క్లినిక్‌కు వచ్చేవారిని “మారడానికి ఎంతవరకు సిద్ధంగా ఉన్నారు?” అని అడగడం దండగ అని, అందరూ తలూపి వెళ్లిపోతారని, భయపెట్టి మందులిచ్చి పంపితే చాలని, కౌన్సెలింగ్ పనిచేయదని అమెరికా పరిశోధనే తేల్చిందని చెప్పే సందేశం ఒకటి వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది. ఇందులో ఏ ఒక్కటీ పరీక్షకు నిలవదు.

“ఇకపై జాగ్రత్తగా ఉంటారా?” అంటే ఎవరైనా తలూపుతారు, నిజమే, కానీ అది సంసిద్ధతను తెలుసుకునే ప్రశ్నే కాదు. ఒక్కో అలవాటు గురించి, ఒక్కో భాగస్వామి గురించి విడివిడిగా అడగాలి. ఒక లారీ డ్రైవరును ఊహించుకోండి: డబ్బిచ్చి వెళ్లేచోట కండోమ్ తప్పనిసరిగా వాడతాడు, పరిచయస్తురాలి దగ్గర ఎప్పుడో గాని వాడడు, భార్యతో వాడాలన్న ఆలోచనే అతడికి రాలేదు. ఇతడు సిద్ధమా కాదా అంటే ఒక్క మాటలో ఏం చెబుతాం? పరిచయస్తురాలి దగ్గర వాడటానికి సున్నా నుంచి పది వరకు ఎంత సిద్ధమని కౌన్సెలరు అడిగితే నాలుగు అంటాడనుకుందాం. “పది ఎందుకు కాదు?” అని నిలదీస్తే సాకులు చెబుతాడు, “ఒకటో రెండో అనకుండా నాలుగు ఎందుకన్నారు?” అంటే, ఆ మంట మళ్లీ పడలేననో, భార్య నెల తప్పిందనో, తన కారణం తానే బయటపెడతాడు. సలహా ఆ కారణం మీద నిలబడాలి.

ఇక భయపెట్టడం. చీవాట్లు తిన్న రోగి తరచూ మళ్లీ రాడు, భాగస్వామినీ తీసుకురాడు. క్లినిక్‌లో ఇచ్చే బూడిదరంగు మందుల కిట్‌లోని అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్‌లు అతడొక్కడే మింగితే, చికిత్స అందని ఆమె నుంచి అదే జబ్బు తిరిగి అంటుకోవచ్చు.

2013లో వెలువడిన ప్రాజెక్ట్ అవేర్ అనే అమెరికా అధ్యయనంలో, ర్యాపిడ్ హెచ్ఐవీ పరీక్షతో పాటు ఇచ్చిన క్లుప్తమైన కౌన్సెలింగ్ ఆరు నెలల్లో కొత్త సుఖవ్యాధులను తగ్గించలేదన్నది వాస్తవమే, దాన్ని దాచనవసరం లేదు. కానీ 1998 నాటి ప్రాజెక్ట్ రెస్పెక్ట్ అనే మరో అమెరికా అధ్యయనంలో, 20 నిమిషాల చొప్పున రెండు విడతలు కౌన్సెలింగ్ పొందినవారికి, సమాచారం మాత్రమే విన్నవారి కంటే ఆరు నెలల్లో దాదాపు 30 శాతం తక్కువగా కొత్త జబ్బులు సోకాయి. సందేశం ఈ రెండోదాని ఊసే ఎత్తదు.

ఈ పద్ధతికి అసలైన పరిమితి వేరే ఉంది. భర్త ఒప్పుకోకపోతే, పదికి పది అన్న భార్యకైనా కండోమ్ వాడకం తన చేతిలో ఉండదు. అటువంటప్పుడు ఆమెకు మళ్లీ బోధించడం అన్యాయం. ఆమె ఇష్టపడితే భర్తను పిలిపించి, ఆమె చెప్పినదేదీ బయటపెట్టకుండా అతడితో విడిగా మాట్లాడాలి.