సవరణ: ఎర్రచందనం దుంగకు ఏ కాగితం కావాలి?

తిరుపతి జిల్లాలోని మాధవమాల చెక్క శిల్పాల గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనం మొదటి అనుబంధంలో ఉందన్నాను. కాదు, 1995 నుంచి రెండో అనుబంధంలో ఉంది. అంటే ఆ ఒప్పందం వ్యాపారాన్ని నిషేధించలేదు, అనుమతులతో కట్టడి చేసింది. మన దేశపు ఎగుమతి ఆంక్షలు వేరే సంగతి.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. కలప బాధ్యతగా నిర్వహించిన అడవి నుంచి వచ్చిందని చెప్పే ఎఫ్‌ఎస్‌సీ ధ్రువపత్రం ఉంటే దుంగను ఎక్కడికైనా తరలించవచ్చని రాశాను. అది స్వచ్ఛందంగా తీసుకునే పత్రం. అటవీశాఖ రవాణా పర్మిటుకు బదులు కాదు. పోస్టు చదివిన ఒక శిల్పి నన్ను పిలిచి, రేకుపెట్టెలోంచి రసీదుకు గుచ్చిన పర్మిటు తీసి చూపించారు. ‘ఇది లేకపోతే చెక్‌పోస్టు దాటదు సార్’ అన్నారు. దుంగ చివర అటవీశాఖ కొట్టే సుత్తి ముద్ర కూడా ఉంది. నేను దాన్ని చెక్కపని అనుకున్నాను! పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.