ఐస్ చేపలు కాకపోతే ఈ వారం ఏం చేపలుంటాయి బాబూ?

మధ్యాహ్నం నుంచి ఒళ్లు మండిపోతోంది. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. పెద్ద పోస్టే అవుతుంది, ఓపిక లేనివాళ్లు పైకి జరుపుకుని వెళ్లిపోండి.

మా అమ్మ కాకినాడ దగ్గర ఉప్పాడ బీచ్ రోడ్డు పక్కన చేపలమ్ముతుంది. అల్పపీడనం హెచ్చరికతో ఈ వారం మా బోట్లు వేటకు వెళ్లలేదు. పొద్దున ఓ తెల్ల కారు ఆగిందట. అద్దం సగం దించి ఒక కుర్రాడు, మా తమ్ముడి కంటే చిన్నవాడే అయ్యుంటాడు, "ఏమ్మా, నీ చేపలు ఫ్రెష్‌వేనా?" అన్నాడట. అమ్మ దాచలేదు. "తాజావి లేవు బాబుగారూ, బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి, ఇవి ఐసువి" అని చెప్పింది. పక్క బుట్ట దగ్గర కూర్చున్న మా అత్త కూడా విన్నది. మధ్యాహ్నానికల్లా రీల్ వచ్చేసింది. అమ్మ మొహం, బుట్టలో రెండు వంజరాలు, కాసిని కానాగంతలు, వెనకాల సముద్రం. పైన పెద్దక్షరాలతో "సముద్రం పక్కనే ఐస్ చేపలు! టూరిస్టులూ జాగ్రత్త!" అమ్మ చెప్పిన ముక్క మాత్రం కత్తిరించేశాడు మహానుభావుడు.

వాడు అమ్మని నువ్వు అన్నాడు, అమ్మ వాణ్ణి బాబుగారూ అంది. అది కూడా నాకు మండుతోంది, కానీ ఆ సంగతి తర్వాత.

చేపకు ఐసు వేస్తే మోసమా? మీ ఊరి మార్కెట్లో ఆదివారం కొనే బొచ్చె, శీలావతి ఎలా వస్తాయనుకుంటున్నారు? ఆకివీడు, భీమవరం వైపు చెరువుల్లోంచి ఐసు నింపిన పెట్టెల్లోనే కదా లారీ ఎక్కేది. పులస సీజన్‌లో "పుస్తెలమ్మైనా తినాలి" అని స్టేటస్‌లు పెట్టి వేలకు వేలు పోసి కొంటారే, అందులో పులస పేరు చెప్పి అమ్మే, ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలస ఎంతో ఎవరైనా అడిగారా? అడగరు. అక్కడ అమ్మేవాడు పెద్ద వ్యాపారి, అడిగితే మనకు చేపలు తెలియవనుకుంటాడని భయం. మా అమ్మ దగ్గరకొచ్చేసరికి అందరూ ఫుడ్ ఇన్‌స్పెక్టర్లే.

సరే, ఐసు సంగతి వదిలేద్దాం. అసలు నాకు కాలింది కింద కామెంట్ చూశాక. "ఎండ చక్కగా కాస్తోంది కదా, బోట్లు ఎందుకు కట్టేశారు? బద్ధకం" అని ఒకాయన రాశాడు. దానికి వందల లైకులు.

అయ్యా, అల్పపీడనం మీ ఇంటి డాబా మీద ఏర్పడదు. అది ఎక్కడో నడి బంగాళాఖాతంలో ఉంటుంది, ఇక్కడ మాకు ఎండే కాస్తుంది. గాలి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, ఒక్కోసారి 65 దాకా అని బులెటిన్‌లో చదువుతారు చూశారా, అది లోపల సముద్రం మీద. మా వాళ్లవి ఫైబర్ బోట్లు, ఓడలు కావు. ఒడ్డున అలలు విరిగే చోటు దాటి వెళ్లడమే గండం. వెళ్లేటప్పుడు దాటినా, తిరిగొచ్చేటప్పుడు ఇంజన్ మొరాయించి బోటు అలకి అడ్డం తిరిగిందో, ఇక చెప్పేదేం లేదు. వాతావరణం బాగుందో లేదో మాకు కారు అద్దంలోంచి చూస్తే తెలియదండీ.

హెచ్చరికలు వద్దని నేననట్లేదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మా తీరంలో ఎవరూ మర్చిపోలేదు. సముద్రంలో ఉన్న బోట్లు ఉన్నట్టే పోయాయి. మా అమ్మ పెద్దన్నయ్య అలాగే పోయాడు. ఒడ్డుకి శవం కూడా రాలేదు. కాబట్టి "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అంటే మా వాళ్లు వెళ్లరు. నాన్న వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటాడు.

ఆ ఒక్క వాక్యం గురించే నా ఏడుపు. ప్రతి వార్త చివర అంటించి చదివేస్తారు. "కోస్తాలో మోస్తరు వర్షాలు, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు, ఇప్పుడు క్రీడావార్తలు." అయిపోయింది. వెళ్లకపోతే ఆ వారం ఏం తింటారనేది ఏ వార్తలోనూ ఉండదు.

అల్పపీడనం, తీవ్ర అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం. ఇన్ని మెట్లెక్కి తుఫాను అయితేనే దానికి పేరు పెడతారు. పేరు పెట్టాక అందరూ వస్తారు. పునరావాస కేంద్రం, పులిహోర, బియ్యం, ఫొటోలు. మొంథా తుఫానుకి వచ్చారు, కాదనను. పేరు దాకా రాకుండా మధ్యలోనే బలహీనపడిందనుకోండి, టీవీవాళ్లు "ఊపిరి పీల్చుకున్న కోస్తా" అని వేసుకుంటారు. మేం ఏం పీల్చుకున్నాం? తుఫానుకైనా అల్పపీడనానికైనా బోటు ఒడ్డునే ఉంటుంది, ఇంట్లో డబ్బా ఖాళీయే. పోయినసారి మా అత్త ఒక ఆఫీసుకెళ్లి అడిగితే "తుఫాను రాలేదు కదమ్మా, దేనికిమ్మంటావు?" అన్నారట. పాపం, తుఫాను రానందుకు మేమే క్షమాపణ చెప్పాలేమో.

వేట నిషేధం డబ్బులిస్తున్నారు కదా అని ఒకరు రెడీగా ఉంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులకు 20 వేలు. ఇంటిల్లిపాదికీ రోజుకెంత పడుతుందో మీరే భాగించుకోండి. అది కూడా బోటు ఎక్కే మగవాళ్లకి. బుట్ట పట్టుకుని రోడ్డు మీద కూర్చునే మా అమ్మ ఏ లెక్కలోకీ రాదు. నిషేధం అయ్యాక హెచ్చరికల వల్ల పోయే రోజుల్ని అసలు ఎవరైనా లెక్కపెడుతున్నారా? వర్షానికి కలెక్టర్ గారు స్కూళ్లకు సెలవిస్తే టీచర్ల జీతం కోస్తారా? కోయరు. కోయకూడదు కూడా. మరి మా నాన్నకి ఇచ్చిన సెలవుకి ఎవరు కట్టాలి? కట్టేది దళారీ. అడ్వాన్సు ఇస్తాడు, తర్వాత పడిన చేపంతా ఆయన చెప్పిన రేటుకి ఆయనకే వేయాలి. వంజరం మీ హోటల్ ప్లేటులోకి వచ్చేసరికి ఎంతవుతుందో, మా నాన్న చేతికి ఎంతొస్తుందో రాస్తే ఈ పోస్టు ఇంకా పెరుగుతుంది.

ఇక టీవీవాళ్ల ప్రేమ సంగతి. 2020లో నివర్ తుఫాను తర్వాత ఉప్పాడ ఒడ్డున బంగారం దొరుకుతోందని కెమెరాలేసుకుని పరిగెత్తుకొచ్చారు గుర్తుందా? మా ఆడవాళ్లు ఇసుకలో రజను వెతుక్కుంటుంటే "బంగారు పంట" అన్నారు. అది ఎక్కడిదయ్యా? సముద్రం మింగేసిన ఇళ్లూ గుళ్లూ ఉన్న చోటు అది. మా నాయనమ్మ కాపురం చేసిన వీధి ఇప్పుడు అలల కింద ఉంది. ఆ వీధి పోయిన రోజు ఏ కెమెరా రాలేదు. కాకినాడకి ముందు హోప్ ఐలాండ్ అడ్డుంది, మాకేముంది? ఇసుక నింపిన జియో ట్యూబులేశారు, అలలు చింపి పడేశాయి. రాళ్లేస్తే రాళ్లూ కదిలిపోతున్నాయి. ప్రతి తుఫానుకీ రోడ్డు కోసుకుపోతుంది, మళ్లీ వేస్తారు, మళ్లీ పోతుంది. కాంట్రాక్టర్లకి మాత్రం ఏ హెచ్చరికా ఉండదు, వాళ్ల వేట ఏడాది పొడవునా సాగుతుంది.

ఆ రోడ్డు మీదే అలల పక్కన నిలబడి "వెదర్ సూపర్" అని సెల్ఫీలు. పోలీసులు పంపించేస్తే, వాళ్లు టీ తాగడానికి పక్కకెళ్లేదాకా ఆగి మళ్లీ వస్తారు. రేపు వీళ్లలో ఎవరైనా జారి పడితే తాడు పట్టుకుని దూకేది ఎవరు? ఆ బద్ధకస్తులే.

నా ఫ్రెండ్స్ లిస్టులో కూడా ఉన్నారు కొందరు. తుఫాను అనగానే "మీ ఊరొస్తాం, పెద్ద అలలు చూడాలి, రొయ్యల వేపుడు చేయించు" అని మెసేజ్ పెడతారు. బోట్లు వెళ్లకపోతే రొయ్యలు ఎక్కణ్ణుంచి వస్తాయని ఒక్కరికీ తట్టదు. నిరుడు అలాగే ఒకాయన కుటుంబంతో దిగితే, పరువు పోకూడదని నాన్న కాకినాడ మార్కెట్‌కెళ్లి చెరువు రొయ్యలు కొనుక్కొచ్చాడు. ఐసువే. లొట్టలేసుకుని తిని "సీ ఫుడ్ అంటే ఇదండీ" అన్నాడు. డబ్బులెంతయ్యాయని మాటవరసకైనా అడగలేదు.