ఆముదానికి కదిలే జబ్బు కాదిది

"మూడు రోజులైనా పసిబిడ్డకు విరేచనం కాలేదా? కంగారొద్దు, ఆముదం పట్టించండి. తల్లి గ్రహణం పాటించకపోతేనే పేగు లోపాలొస్తాయి. మేనరికం కానివాళ్లకు ఆ భయమే లేదు." ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ సారాంశమిది.

ముందు ప్రాణం మీదికొచ్చే మాట చూద్దాం. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా 24 గంటల్లోపే నల్లటి జిగట మలం వెళ్తుంది. 48 గంటలు దాటినా రాలేదంటే, పొట్ట బిగుసుకుని పసరు కక్కుతోందంటే, ఆముదం సీసా పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి. అది హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు కావచ్చు. సుమారు 5,000 మందిలో ఒకరికి, ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. పేగు చివర నాడీకణాలుండవు. అవి లేనంత మేరా పేగు సడలదు, పైన మలం పేరుకుపోతుంది. డాక్టరు మలద్వారంలో వేలు పెట్టి చూసి తీయగానే గాలీ మలమూ ఒక్కసారిగా చిమ్మవచ్చు. హమ్మయ్య, తేలికపడిందనుకుంటారు ఇంట్లోవాళ్లు. జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. పేగు చివర నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూసి జబ్బును ఖాయం చేస్తారు. నాడీకణాలు లేని భాగాన్ని కోసేసి, బాగున్న పేగును కిందికి లాగి కుడతారు. ఆలస్యమైతే పేగు వాచి, ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం పోవచ్చు.

ఇక గ్రహణం. ఈ నాడీకణాలు గర్భంలో సుమారు 5 నుంచి 12 వారాల మధ్య పేగు పైకొస నుంచి మలద్వారం దాకా పాకుతూ వస్తాయి. దారిలో ఆగిపోతే ఈ జబ్బు. ఆ ప్రయాణాన్ని నడిపే ముఖ్య జన్యువు 10వ క్రోమోజోము మీది ఆర్‌ఈటీ. ఈ జబ్బుతో దాని సంబంధం 1994లో తేలింది. గ్రహణం రోజు కూరగాయలు తరిగావని కోడలిని నిలదీసేవాళ్లకు, ఆ జన్యు మార్పు కొడుకు నుంచీ వచ్చి ఉండొచ్చన్న ఆలోచనే రాదు!

మేనరికం మాటలో కొంత నిజముంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వచ్చే అరుదైన పేగు జబ్బులు దగ్గరి సంబంధాల్లో ఎక్కువే. కానీ ఆర్‌ఈటీలో తేడా ఒక్కరి నుంచి అందినా తరచూ ఈ జబ్బుకు చాలు. అదున్న తండ్రో తల్లో నిక్షేపంగా ఉండొచ్చు కూడా. చిన్నపేగు మొదట్లోనే మూసుకుపోయిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోము అదనంగా ఉండే స్థితి) ఉంటుంది, దానికీ మేనరికానికీ లంకె లేదు. అసలు అన్నీ జన్యువుల వల్లే రావు. 1955లో కేప్‌టౌన్‌లో సర్జన్లు లూ, బర్నార్డ్ (తర్వాత మనిషికి తొలి గుండె మార్పిడి చేసిన బర్నార్డే) ఇంకా పుట్టని కుక్కపిల్లల పేగుకు రక్తం ఆపి చూస్తే అక్కడే పేగు మూసుకుపోయింది.

ఒక బిడ్డకు హిర్ష్‌స్ప్రంగ్ ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సగటున నూటికి నాలుగు. పేగులో ఎక్కువ భాగం దెబ్బతిని ఉంటే ఇంకా ఎక్కువ. రెండో కాన్పుకు ముందు అడగాల్సింది జన్యు నిపుణులను, పంచాంగాన్ని కాదు.