కోట గారూ, మిగతా సగం ఎక్కడ దాచారు?

మహారాజశ్రీ డ్రాకులా వారి కోట గారి సముఖానికి,

రాజమండ్రి నుంచి వచ్చిపోయిన పాత చుట్టం నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం కోరడం మర్యాదే గానీ, తమరు క్షేమంగా లేచి నిలబడ్డారంటే లోకానికి ఏదో మూడిందని అర్థం. అందుకని ఆ వాక్యం వదిలేశాను, ఏమీ అనుకోకండి.

నేను మీకు గుర్తుండను. 1997లో కొనామీ అనే జపాన్ వీడియో గేముల కంపెనీ వాళ్ళు మిమ్మల్ని ప్లేస్టేషన్ అనే ఆట యంత్రం మీద కట్టి 'కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్' అని బోర్డు పెట్టారు. నేను మీ గడప తొక్కింది 2002లో. ఇంటర్ రెండో సంవత్సరం. గంటకు పదిహేను రూపాయలు తీసుకునే వీడియో గేముల షాపు, మూలనున్న నాలుగో టీవీ, ఒక కాలు పొట్టిగా ఉన్న ప్లాస్టిక్ స్టూలు. ఆ టీవీలో అన్నీ పచ్చగా కనిపించేవి. చాలాకాలం డ్రాకులా గారికి పచ్చకామెర్లేమో అనుకున్నాను.

పక్కన మా బావ కూర్చునేవాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. బటన్లు నావి, డబ్బులు బావవి, బుర్ర కూడా చాలావరకు బావదే. ఈ ఏర్పాటులో నాకు కీర్తి తప్ప ఏదీ మిగల్లేదు. ఆ కీర్తి గురించే ఈ ఉత్తరం.

ముందు చిన్నచిన్న ఫిర్యాదులు తెమిల్చేస్తాను.

నూరేళ్ళకోసారి లేస్తారని మీకు పేరు. కానీ 1792లో కూలారు, 1797లో మళ్ళీ లేచారు. ఐదేళ్ళకోసారి జనం ముందుకొచ్చే అలవాటు మా దగ్గరా కొందరికి ఉంది కాబట్టి దాన్ని తప్పుపట్టను. నా బాధ గుమ్మం దగ్గరే మొదలైంది. సాక్షాత్తూ యజమాని కొడుకు అలుకార్డ్ వస్తున్నాడు, ఆటలో నేను ఆడించేది ఆయన్నే. అలుకార్డ్ బాబు తల్లి వైపు మనిషే, తండ్రితో మాటల్లేవు, ఒప్పుకుంటాను. అయినా ఇంటి బిడ్డ కదా. మంచి కత్తి, డాలు, కవచం, శిరస్త్రాణం, ఒంటిమీద శాలువా, మెళ్ళో గొలుసు, పెళ్ళికొడుకులా వస్తుంటే నాలుగు గదులు దాటకముందే మృత్యువు గారు గాల్లో తేలుతూ ఎదురొచ్చి, వచ్చిన పనేమిటని ఆరాతీసి, ఒంటిమీదవన్నీ ఒలుచుకుని పోయారు. రసీదు కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత ఆ రాకుమారుడు వట్టి చేతులతో అస్థిపంజరాల్ని గుద్దుకుంటూ పోతుంటే, షాపులో వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఏదో తప్పు బటన్ నొక్కి బట్టలు పోగొట్టుకున్నాననుకుని ఆట మూడుసార్లు మొదటినుంచి మొదలుపెట్టాను. నలభై ఐదు రూపాయలు. బావ ఇప్పటికీ ఆ లెక్క మర్చిపోలేదు.

తిండి విషయం. గోడ పగలగొడితే లోపలనుంచి వేడివేడి మాంసం పళ్ళెం పడుతుంది. గోడలో ఎవరు దాచారు, ఎప్పుడు వండారు, అడిగే దిక్కులేదు. అలుకార్డ్ బాబు దాన్ని తినగానే ఒంట్లోకి బలం వచ్చేస్తుంది. వేరే ఇంట్లో అయితే వాంతులు. పైగా ట్రాన్సిల్వేనియాలో, 1797లో, సుషీ దొరుకుతుంది, రామెన్ దొరుకుతుంది, జపాన్ వాళ్ళ కర్రీ రైస్ కూడా దొరుకుతుంది. పెరుగన్నం మాత్రం లేదు. వేరుశెనగ గింజలున్నాయి గానీ, వాటిని పైకి ఎగరేసి నోట్లో పట్టాలి. ఒక్కటి తప్పిపోయినా అది కోట నేలపాలే. అరగంట ప్రాక్టీసు చేసి ఒక గింజ పట్టాను. ఇంటర్ మార్కులకన్నా ఆ గింజ ఎక్కువ తృప్తినిచ్చింది. అది అప్పట్లో ఇంట్లో చెప్పలేదు.

దీపాలు సరేసరి. కొట్టిన ప్రతి కొవ్వొత్తీ ఆరుతుంది, గది దాటి తిరిగొస్తే మళ్ళీ వెలుగుతూ ఉంటుంది. ఈ కాంట్రాక్టు ఎవరిదో కనుక్కుని పెడితే మా వీధి లైట్లు కూడా వాళ్ళకే ఇప్పిస్తాం.

మీ లైబ్రేరియన్ గారి దగ్గర మాత్రం నేను పాఠం నేర్చుకున్నాను. ప్రభువును ఎదిరించేవాడికి సాయం చేయనని మొదట గంభీరంగా అన్నారు. ఊరికే వద్దులెండి, ఏదో ముట్టజెబుతాం అనగానే, ఆహా నిజమా అని దారికొచ్చారు. 500 పారేస్తే నీలం తలుపులు తెరిచే మణి చేతిలో పెట్టారు. రెండొందల ఏళ్ళనాటి ట్రాన్సిల్వేనియాలో లెక్క మాత్రం డాలర్ గుర్తుతోనే. మా గోదావరి జిల్లాల్లో పెళ్ళిసంబంధాలు కూడా ఆ గుర్తు చూసే కదులుతాయి కాబట్టి నాకేమీ వింతగా అనిపించలేదు. అసలు తమాషా వేరు. ఆయన కూర్చున్న చోటికి సరిగ్గా కింద ఒక గది ఉంది. అక్కడినుంచి పైకి ఎగిరి ఆయన కుర్చీకి అడుగునుంచి దెబ్బ తగిలిస్తే ఒక ఉంగరం, ఒక అంగీ, ఇంకేవో వరసగా రాలుస్తారు. ఎదురుగా వెళ్ళి దణ్ణం పెట్టి అడిగితే ధర, కింద నుంచి తన్నితే ఉచితం. ఇది కనిపెట్టినవాడెవడో తప్పకుండా ఏదో ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అలసినవాడై ఉంటాడు.

చర్చిలో పాపాలు ఒప్పుకునే గదిలో కూర్చుంటే పాదిరీ దయ్యం వస్తాడు. మంచివాడైతే ద్రాక్షరసం, చెడ్డవాడైతే పరదా మూసి బల్లేలు. ఎవడు వస్తాడో కూర్చుంటే గానీ తెలీదు. దీని మీద ఎక్కువ రాయను, అన్ని మతాల పాఠకులూ ఉంటారు.

ఇక అసలు సంగతి.

ఆటను దాచుకోవాలంటే అలుకార్డ్ బాబు శవపేటికలో దూరాలి. అది మీ ఇంటి ఆచారం. కానీ ఆ షాపులో ఉన్న మెమరీ కార్డు ఒక్కటే. దానిలో పదిహేను గళ్ళు. ఊరందరి ఆటలూ ఆ పదిహేనులోనే సర్దుకోవాలి. ఒక ఆదివారం వెళ్ళేసరికి మా గడి పోయింది. ఎవరో ఫుట్‌బాల్ కుర్రాడు మా మూడు వారాల కష్టాన్ని తుడిచి, తన జట్టును దాచుకున్నాడు. నేను ఏడుపు ముఖం పెట్టాను. బావ మాత్రం పక్క కొట్టుకెళ్ళి గళ్ళ లెక్కల పుస్తకం కొనుక్కొచ్చాడు. "ఆ యంత్రాన్ని నమ్మితే ఇంతేరా" అని మొదటి పేజీలో పెన్సిలుతో ఒక చదరం గీశాడు. మీ సింహద్వారం.

అప్పటినుంచి మళ్ళీ మొదలు. నేను ఒక గదిలో అడుగుపెట్టడం, బావ ఒక గడి నింపడం. దారి లేనిచోట చిన్న గుర్తు. అందని గట్టుకు బాణం, ఊచల వెనక గదికి చుక్కలు, నీలం తలుపుకు గుండ్రం. మీ దగ్గర నాకు నిజంగా నచ్చినది ఇదే, తిట్టడానికి రాస్తున్న ఉత్తరమైనా ఒప్పుకోక తప్పదు. చాలా తలుపులకు మీరు తాళంచెవి ఇవ్వరు, మనిషినే మార్చేస్తారు. మొన్న అడ్డుగా ఉన్న ఊచలు, బాబు పొగమంచుగా మారడం నేర్చుకున్నాక అసలు ఊచలే కావు. గబ్బిలమైన రోజు మీ పైకప్పులన్నీ కొత్తగా కనిపించాయి. బావ పుస్తకంలో బాణాలన్నీ ఆ సాయంత్రం ఒక్కొక్కటే చెరిపేశాం. రబ్బరు అరిగిపోయింది. ఇప్పటి ఆటల్లో ఎటు వెళ్ళాలో తెరమీద పసుపు గీత చూపిస్తూనే ఉంటుంది, పెళ్ళి భోజనాల్లో చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినట్టు. మీరు ఎవర్నీ చెయ్యి పట్టుకోలేదు.

పాత కాసిల్‌వేనియా ఆటలు త్వరగా అయిపోయి పాత సామాన్ల కొట్లకు చేరుతున్నాయని, అందుకే ఎక్కువకాలం ఆడే ఆట కట్టాలనుకున్నామని మీ మేస్త్రీల్లో ఒకరైన కోజి ఇగరాషి గారు చెప్పారు. బాగానే ఉంది. గంటకు పదిహేను కట్టేవాడి గతేమిటో ఆయన ఆలోచించలేదు.

మీ సమాధుల అంతస్తులో ఒక నడవా ఉంది. కటికచీకటి, కిందా పైనా ముళ్ళు. మూడు ఆదివారాలు అందులో పొడిపించుకున్నాం. గబ్బిలం కూత పెడితే చీకట్లో గోడలు తెలుస్తాయని, ఆ కూత విద్య ఇంకెక్కడో ఉందని మాకు తెలీదు. బావ ఆ చోట పుస్తకంలో పుర్రెబొమ్మ వేసి, "ఇది పనికొచ్చేది కాదు, వదిలెయ్" అన్నాడు. వదిలేశాం. పైకి వెళ్ళాం. కోట కొమ్మున సింహాసనం మీద కూర్చున్న, 1792లో మిమ్మల్ని కూల్చిన వేటగాడు రిక్టర్‌ను కొట్టి చంపాం. ఆట అయిపోయింది. షాపులో చప్పట్లు. షాపాయన ఆ రోజు అరగంట డబ్బులు తీసుకోలేదు. పదిహేడేళ్ళ వయసులో ఒక మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు, ఎవరు అడిగినా అడక్కపోయినా, "సింఫనీ ఆఫ్ ది నైటా, ఇంటర్‌లోనే పూర్తి చేశా" అని చెప్పాను. కాలేజీలో చెప్పాను, మొదటి ఉద్యోగంలో చెప్పాను, పెళ్ళిచూపుల్లో కూడా మాటల్లో మాటగా చెప్పాను. మా ఆవిడ అప్పుడు తల ఊపింది. ఇప్పుడు అడిగితే అది నిద్రమత్తు అంటోంది.

మొన్న దసరా సెలవుల్లో పిల్ల నిద్రపోయాక, 2020లో మీరు ఫోన్లోకి కూడా దిగారని గుర్తొచ్చి, దించుకుని మళ్ళీ మీ గడప తొక్కాను. అదే మృత్యువు, అదే ఒలుపు. ఈసారి నా బొటనవేళ్ళే అలుకార్డ్ బాబును సగం కప్పేశాయి. పాలరాతి గ్యాలరీలో మిచిరు యమనే గారి సంగీతం ఇయర్‌ఫోన్లలో మొదలవగానే, పక్కన పెన్సిలు గీసిన చప్పుడు వినిపించింది. ఒట్టు, వినిపించింది. ఈసారి కూత విద్య సంపాదించి, ముళ్ళ నడవా దాటాను. చివర ఒక కవచం. అది తొడుక్కుంటే ముళ్ళు పిండి అవుతాయి. ఆ కవచంతో చర్చిలో ఇంకో ముళ్ళదారి చీల్చుకుపోతే వెండి ఉంగరం. గుహల్లో దొరికిన బంగారు ఉంగరం ముందే ఉంది. ఒకదాని మీద సగం మాటలు, ఇంకోదాని మీద సగం. కలిపి చదివితే, గడియారం బురుజులో పెట్టుకోమని. పెట్టుకున్నాను, ఏమీ కాలేదు. ఎందుకంటే ఆ పని జరిగేది బురుజులో కాదట, పాలరాతి గ్యాలరీలో గడియారం ఉన్న గదిలోనట! మూడో కిటికీ అని రాసిపెట్టి, ఏడో కిటికీలో పని చేసిపెట్టే పద్ధతి మీ దగ్గర కూడా ఉందని తెలిసి కాసేపు ఇంటిమీద బెంగ తీరింది.

నేల తెరుచుకుంది. కింద, రిక్టర్‌ను వెతుక్కుంటూ వచ్చిన మరియా అనే అమ్మాయి ఒక కళ్ళజోడు ఇచ్చింది. అది పెట్టుకుని పైకి వెళ్ళి చూస్తే, రిక్టర్ చుట్టూ ఒక గోళం తిరుగుతోంది. వాణ్ణి ఆడిస్తున్నది అదీ. కొట్టాల్సింది గోళాన్ని, మనిషిని కాదు. మేము 2002లో చప్పట్ల మధ్య చంపింది ఒక అమాయకుణ్ణి. అది పగిలాక ఆకాశంలో ఇంకో కోట తేలింది. తలకిందులుగా. మెట్లు పైకప్పు మీద, షాండ్లియర్లు నేలలోంచి మొలిచి. మొదటి కోట ఎంతో అదీ అంతే. రెండు కోటల్లో గదులన్నీ చూస్తే మీ లెక్కలో 200.6 శాతం. ఆ పాయింటు ఆరు ఎందుకో మీ ఇంజనీర్లకే తెలియాలి. కొత్తది కట్టడానికి సిమెంటు చాలక ఉన్నదాన్నే తిరగేశారని నా అనుమానం, అయినా గుండె ఆగినంత పనైంది.

అంటే నేను ఇరవై ఏళ్ళు సగం కూడా చూడని ఇంటికి గృహప్రవేశం చేశానని చెప్పుకు తిరిగాను. మీరు ఒక్క మాట చెప్పలేదు. పేరులోనే చెప్పామంటారా? అలుకార్డ్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో వెనకనుంచి చదివితే డ్రాకులా. కొడుకు పేరును తిరగేసిన ఇంటివాళ్ళు ఇంటినీ తిరగేస్తారని ఊహించాల్సింది నేనే అంటారా? అది రాజమండ్రి షాపులో, పచ్చ టీవీ ముందు, మీటర్ తిరుగుతుంటే తట్టే ఆలోచన కాదండీ.

అర్ధరాత్రి దాటింది. అయినా ఆగలేక బావకు వీడియో కాల్ చేశాను. డల్లాస్‌లో అప్పుడు మధ్యాహ్నం. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను, గోళం, కళ్ళజోడు, తలకిందుల కోట. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"తెలుసురా. ఇక్కడికొచ్చిన ఏడాదే చూశాను," అన్నాడు.

"మరి చెప్పలేదేం బావా?"

"నువ్వు అప్పటికే మీ ఆఫీసులో అందరికీ చెప్పేసుకున్నావుగా."

నాకు మాట రాలేదు. ఆయన చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళాడు. ఏవో డబ్బాలు జరిపిన చప్పుడు. తిరిగొచ్చి కెమెరా ముందు పెట్టినది ఆ గళ్ళ పుస్తకం. అట్ట ఊడింది, పెన్సిలు మసకబారింది, సమాధుల దగ్గర పుర్రెబొమ్మ మాత్రం అలాగే ఉంది. రెండో కోటకు మ్యాప్ మళ్ళీ మొదటినుంచి గీసుకోవాలా అని అడిగాను. బావ ఏమీ అనకుండా పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు.

ఫోనులో చార్జింగ్ ఆరు శాతం ఉంది. ప్రస్తుతానికి ఉంటాను.

ఇట్లు,
తమ సగం కోట చూసినవాడు