ఓటీ కావాలంటే ముందే చెప్పాలి

షిఫ్టు ముగియడానికి అరగంట ముందు సూపర్‌వైజర్ వచ్చి, ‘ఈ రోజు ఎవరూ వెళ్లొద్దు, పని అయ్యేదాకా ఉండాలి’ అనడం వెల్డర్లకు, ఫిట్టర్లకు, ఎలక్ట్రీషియన్లకు, లేత్ ఆపరేటర్లకు అలవాటైపోయింది. కొన్నిచోట్ల ‘ఉండగలరా?’ అని మర్యాదగానే అడుగుతారు. కుదరదన్నవాళ్ల పేర్లు మాత్రం పైవాళ్లకు గుర్తుంటాయి. మంచి పని పంచేటప్పుడు, సెలవు అడిగినప్పుడు, కాంట్రాక్టు పొడిగించేటప్పుడు ఆ సంగతి బయటికొస్తుంది. కాగితం మీద ఇష్టపూర్వకమైన ఓవర్‌టైమ్ (ఓటీ) చాలా వర్క్‌షాపుల్లో, సైట్లలో ఇలాగే నడుస్తోంది. ఈ పద్ధతి మారాలి.

మేము ఓవర్‌టైమ్‌కు వ్యతిరేకం కాదు. ఎన్నో కుటుంబాలు ఆ డబ్బుతోనే పిల్లల ఫీజులు కడుతున్నాయి, అప్పులు తీరుస్తున్నాయి. ఓటీ పూర్తిగా ఆపేస్తే ముందుగా ఇబ్బంది పడేది కార్మికులే. మా అభ్యంతరమంతా చెప్పే సమయం గురించే. రెండు రోజుల ముందు తెలిసిన మూడు గంటల ఓటీకీ, చేతులు కడుక్కునే వేళ చెప్పిన మూడు గంటల ఓటీకీ జీతం స్లిప్పులో తేడా కనిపించదు. ఇంట్లో మాత్రం కనిపిస్తుంది.

భార్యాభర్తలిద్దరూ షిఫ్టుల్లో పనిచేసే ఇంటిని తీసుకోండి. ఒకరు ఇల్లు చేరాకే రెండోవారు డ్యూటీకి బయలుదేరాలి. చివరి నిమిషంలో ఒకరిని ఆపేస్తే రెండోవారి ఉద్యోగానికీ ఎసరు వస్తుంది. బడి దగ్గర పిల్ల ఎదురుచూస్తుంటుంది. వారాల ముందు దొరికిన డాక్టర్ అపాయింట్‌మెంట్ పోతుంది. నలుగురు కలిసి వచ్చే బండి వెళ్లిపోతుంది. ఈ రంగాల్లోకి ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న మహిళలకు ఇది మరింత భారం. ఇంటి పని అంతా ఇప్పటికీ వాళ్ల నెత్తినే ఉంది కాబట్టి, సాయంత్రం ఎన్నింటికి బయటపడతామో తెలియని ఉద్యోగంలో ఎక్కువకాలం నిలవలేరు.

బయటివాళ్లకు అంతగా కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. నెలలో నాలుగైదు సాయంత్రాలే హఠాత్తుగా పోయినా, అవి ఏ సాయంత్రాలో తెలియనప్పుడు మిగిలినవీ చేతిలో ఉండవు. సాయంత్రం కోర్సులో చేరదామనుకున్న యువకుడు ఫీజు కట్టడానికి వెనకాడతాడు. స్నేహితులకు వస్తానని మాట ఇవ్వడం మానేస్తాడు. కొన్నాళ్లకు ఇంట్లో పిల్లలు ‘ఈ రోజు తొందరగా వస్తావా నాన్నా’ అని అడగడం కూడా ఆపేస్తారు. ఓటీ పడని రోజున కూడా ఆ మనిషి టెన్షన్‌తోనే గడియారం చూస్తుంటాడు. ఆ రోజులకు ఎవరూ ఓటీ డబ్బులు కట్టరు.

నైపుణ్యంతో చేసే పనుల్లో సమస్య ముదరడానికి కారణం ఉంది. కాంక్రీటు పోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపితే, పాత పొర గట్టిపడి కొత్త పొరతో సరిగా అతుక్కోదు. ఆ కోల్డ్ జాయింట్ దగ్గర నిర్మాణం బలహీనపడి, నీరు కారే ప్రమాదం ఉంటుంది. మందపాటి ఉక్కును ముందుగా వేడిచేసి వెల్డింగ్ చేస్తున్నప్పుడు సగంలో వదిలేసి చల్లారనిస్తే పగుళ్లు రావచ్చు. ఈ సంగతులు మేస్త్రీకీ వెల్డర్‌కూ ఎవరూ చెప్పక్కర్లేదు. చేతిలో పని తెగేదాకా కదలకూడదన్న పట్టుదల వాళ్ల వృత్తిలోనే ఉంది. యాజమాన్యాలు వాడుకుంటున్నది ఆ పట్టుదలనే.

నిజానికి కాంక్రీటు ఎప్పుడు వస్తుందో, ఎన్ని గంటల పని పడుతుందో ఆర్డర్ పెట్టిన రోజే లెక్కకట్టవచ్చు. సాయంత్రం హడావుడికి మూలం చాలాసార్లు ఉదయంలోనే ఉంటుంది. డ్రాయింగులకు ఆమోదం ఆలస్యమవుతుంది, సామాను రాదు, తనిఖీ చేయాల్సిన మనిషి మధ్యాహ్నానికి గానీ దిగడు. అప్పటిదాకా మనుషులు ఖాళీగా కూర్చుంటారు. ఆ తర్వాత పోయిన గంటలన్నీ వాళ్ల సాయంత్రంలోంచే రాబట్టాలని చూస్తారు. వర్క్‌షాపును అడగకుండానే కస్టమర్‌కు గడువు ఒప్పుకున్న మేనేజర్‌కు ఆ రాత్రి నిద్ర చెడదు. తక్కువమందిని పెట్టుకుని, పని పెరిగినప్పుడల్లా ఉన్నవాళ్లనే ఆపడం ఒక లెక్క ప్రకారం జరిగేచోట్లు కూడా ఉన్నాయి. ప్రతి వారం వచ్చే ‘అత్యవసరం’ ప్రణాళిక లోపం కిందకే వస్తుంది.

నిజమైన అత్యవసరాలు వేరు. గ్యాస్ లీకైనా, గాలివానకు కరెంటు తీగలు తెగిపడినా, ఆసుపత్రిలో జనరేటర్ ఆగిపోయినా ముందస్తు నోటీసు గురించి ఎవరూ మాట్లాడరు. అలాంటి రాత్రుల్లో స్తంభాలెక్కే లైన్‌మెన్‌కు సమాజం రుణపడి ఉంది. అయితే ఏ పైపు ఏ రోజు పగులుతుందో తెలియకపోయినా, ఏదో ఒకటి పగులుతుందని తెలుసు. అందుకే బాధ్యతగల సంస్థలు ఆన్‌కాల్ జాబితా వేసుకుంటాయి. ఏ వారం ఎవరు సిద్ధంగా ఉండాలో ముందే చెప్పి, పిలుపు రాకపోయినా అందుబాటులో ఉన్నందుకు కొంత చెల్లిస్తాయి. ఊహించలేని పనికే ఇంత ఏర్పాటు సాధ్యమైనప్పుడు, ఊహించగలిగిన పనికి కుదరదనడం చెల్లదు.

ప్రాణాల సంగతి కూడా చూడాలి. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. తెల్లవారుజామున 5 గంటలకు లేచినవాడు రాత్రి 10కి ఆ స్థితికి చేరుతాడు. అప్పుడతను ఎత్తున నిలబడి బోల్టులు బిగిస్తూనో, క్రేన్ నడుపుతూనో, ప్యానెల్ బోర్డులో చేయి పెట్టో ఉంటాడు. తర్వాత బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లాలి. రాత్రి ఎంత ఆలస్యమైనా మర్నాటి షిఫ్టు మాత్రం అదే వేళకు మొదలవుతుంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం వల్ల పక్షవాతం, గుండెజబ్బులతో 2016లో 7,45,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి అంచనా వేశాయి.

యాజమాన్యాలకు ఉత్పత్తి భాషలోనే చెప్పాలన్నా ఆధారం ఉంది. నిర్మాణ పనుల్లో నిత్య ఓవర్‌టైమ్ ప్రభావంపై అమెరికాలో పెద్ద కంపెనీల అధిపతుల సంఘమైన బిజినెస్ రౌండ్‌టేబుల్ 1980లో నివేదిక ఇచ్చింది. వారానికి 60 గంటలు, ఆపైన పనిని దాదాపు రెండు నెలలకు మించి సాగదీస్తే, అదే బృందం 40 గంటల వారంతో పూర్తిచేసే తేదీ కంటే పని ఆలస్యమవుతుందని అది తేల్చింది. ఈ మాట అన్నది కార్మిక సంఘాలు కాదు, స్వయంగా యజమానులు.

చట్టాలు ఇప్పటిదాకా ఓవర్‌టైమ్‌కు ధర కట్టాయి, కొన్నిచోట్ల హద్దు పెట్టాయి. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలన్న 1919 నాటి అంతర్జాతీయ ఒప్పందం అదనపు గంటకు కనీసం ఒకటింపావు వంతు వేతనం ఇవ్వాలంది. అమెరికా 1938లో తెచ్చిన చట్టం ప్రకారం వారానికి 40 గంటలు (మొదట్లో 44) దాటితే ఒకటిన్నర వంతు ఇవ్వాలి, కానీ అది పెద్దవాళ్ల చేత ఎన్ని గంటలు చేయించవచ్చో హద్దు పెట్టలేదు. భారత్‌లో రెట్టింపు వేతనం నియమం 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉంది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ కార్మికుడి సమ్మతి కూడా ఉండాలంది. జపాన్ 2019లో తెచ్చిన ఓవర్‌టైమ్ పరిమితులు నిర్మాణ రంగానికి 2024 ఏప్రిల్‌లో గానీ వర్తించలేదు. అలసట ఎక్కువున్న రంగానికే ఐదేళ్లు ఆలస్యంగా రక్షణ దొరికింది.

ఎప్పుడు చెప్పాలన్న విషయంలో మాత్రం చట్టాలు ఎక్కువగా మౌనంగానే ఉన్నాయి. జర్మనీలో పిలిచినప్పుడు వచ్చి పనిచేసేవాళ్లకు కనీసం నాలుగు రోజుల ముందు చెప్పాలి. లేకపోతే వాళ్లు రానక్కర్లేదు. ఐరోపా సమాఖ్య 2019 ఆదేశం అనిశ్చిత వేళల్లో పనిచేసేవారికి ముందస్తు సమాచారం, నష్టం లేకుండా నిరాకరించే హక్కు ఇచ్చింది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 2017లో తెచ్చిన షెడ్యూల్ చట్టం పెద్ద దుకాణాలు, హోటళ్లు, రెస్టారెంట్ల సిబ్బందికి వర్తిస్తుంది. రోజూ ఒకే షిఫ్టుకు వచ్చి చివర్లో ఆగిపోవాల్సి వచ్చే ఫిట్టర్‌కు వీటిలో ఏదీ నేరుగా అక్కరకు రాదు.

ఈ ఖాళీని పూరించాలి. ఓవర్‌టైమ్ సంగతి కనీసం ముందురోజు షిఫ్టు ముగిసేలోపు రాతపూర్వకంగా చెప్పాలి. అదే రోజు చెబితే మామూలు ఓటీ రేటు కంటే ఎక్కువ ఇవ్వాలి. అప్పుడే ఆలస్యంగా చెప్పడానికి పైవాళ్లూ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ముందుగా ఇష్టమున్నవాళ్లను అడగాలి. అదనపు గంటలు కోరుకునేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. కాదన్నవారిపై కక్ష కట్టడాన్ని శిక్షార్హం చేయాలి. రెండు షిఫ్టుల మధ్య ఐరోపాలో ఉన్నట్టుగా 11 గంటల విరామం ఎవరికైనా తప్పనిసరి కావాలి. కాంట్రాక్టు కార్మికులను వీటి నుంచి మినహాయిస్తే మాత్రం ఏమీ మారనట్టే, ఎందుకంటే కాదనలేని స్థితిలో ఉన్నది ముందుగా వాళ్లే.

‘మా రోజుల్లో ఇంతకంటే ఎక్కువ చేశాం’ అనే సీనియర్లతో ఒక మాట. మీరు పడ్డ కష్టం మీద మాకు గౌరవం ఉంది. ఆ ఏళ్లలో మీ పిల్లల పుట్టినరోజులు ఎన్ని పోయాయో మీకే తెలుసు. అప్రెంటిస్‌లకు పని నేర్పినంత శ్రద్ధగా, కుదరదని చెప్పే ధైర్యం కూడా మీరే నేర్పాలి.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. ప్రతి ఓటీకీ రిజిస్టర్‌లో రెండు వేళలు రాయాలి: అదనపు పని పడుతుందని ఆఫీసుకు ఎప్పుడు తెలిసింది, పనిచేసేవాళ్లకు ఎప్పుడు చెప్పారు. కారణం, ఆదేశించినవారి సంతకం పక్కనే ఉండాలి. నెలాఖరున ఆ పేజీలను కార్మికుల ప్రతినిధుల ఎదుట చదవాలి.