కార్తీకానికి కోడ్ పెట్టాలి

ఎన్నికల షెడ్యూలు వెలువడిన నిమిషం నుంచి కోడ్ (ఎన్నికల ప్రవర్తనా నియమావళి) వస్తుంది, ప్రభుత్వం కొత్త పథకం ప్రకటించడానికి వీల్లేదు. ముఖ్యమంత్రులకే ఇంత కట్టడి ఉన్న దేశంలో, కార్తీక మాసంలో మేనత్తలకూ పెదనాన్నలకూ ఏ కట్టడీ లేకపోవడం ప్రజాస్వామ్యానికి మంచిది కాదు.

నవంబరును నిదానంగా చూడండి. తిరుమల మూడొందల దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఇస్తారు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది (2024 నవంబరు 1కి ముందు 120 రోజులుండేది, ఆ సుఖమూ పోయింది). కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది నవంబరులోనని ఎప్పటినుంచో తెలిసిందే. పెళ్లి మాత్రం నెల ముందు కుదిరి, శుభలేఖ పది రోజుల ముందు వాట్సాప్‌లో దిగుతుంది. అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసిందే అన్నిటికన్నా ముఖ్యం! ఎందుకంటే దర్శనానికి వెళ్లకపోతే స్వామి అలగడు. పెళ్లికి వెళ్లకపోతే పెళ్లికొడుకు మేనమామ అలుగుతాడు, ఆ అలక ఆయన మనవడి బారసాల దాకా సాగుతుంది. దర్శనం టికెట్టేమో తేదీ మార్చరు, మరొకరి పేరుకు మార్చరు. ఆ డబ్బు శ్రీనివాసుడికి ముడుపు అనుకోవడమే.

ఇక ముహూర్తం. శుభలేఖలో 'ఆదివారం రాత్రి తెల్లవారితే సోమవారం 2.37 గంటలకు' అని ఉంటుంది. సగం మంది సోమవారానికి టికెట్ కొంటారు, వాళ్లు దిగేసరికి షామియానా విప్పుతుంటారు. ఆదివారం సాయంత్రానికే మండపంలో ఉండాలి. రైల్వే లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. ఆదివారం అర్ధరాత్రి దాటాక 12.10కి బయల్దేరే బండికి టికెట్ మీద సోమవారం తేదీ ఉండాలి. పంచాంగానికి సూర్యోదయంతో రోజు మారుతుంది, రైల్వేకి పన్నెండుతో మారుతుంది. ఈ రెండింటికీ మధ్య ఇరుక్కున్న కుటుంబాలు ప్రతి స్టేషన్లోనూ కనిపిస్తాయి. పైగా అది కార్తీక సోమవారం. పెళ్లి భోజనం ముందు కూర్చున్నాక అత్తయ్యకు ఉపవాసం గుర్తొస్తుంది.

తత్కాల్ ఉందిగా అంటారు. ఉంది, ప్రయాణానికి ముందురోజు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కి 11కి. కన్ఫర్మ్ అయ్యాక రద్దు చేసుకుంటే పైసా రాదు. మామూలు కన్ఫర్మ్ టికెట్టయితే బండికి 24 గంటల ముందు దాకా తల్లి, తండ్రి, తోబుట్టువులు, పిల్లలు, భార్యాభర్తల్లో ఒకరి పేరుకు మార్పించుకోవచ్చు, గుర్తింపు కాగితాలతో రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్లి, ఒక్కసారి మాత్రమే. మరదలికి చెల్లదు. రైల్వే దృష్టిలో మరదలు దగ్గరి చుట్టం కాదు. ఈ మాట ఇంట్లో అనకండి.

సరిగ్గా ఆ పది గంటలకే తాతయ్య బతికున్నట్టు రుజువు చేయాలి. ఫోన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్, మొహం గుర్తుపట్టే ఆధార్ ఫేస్ ఆర్‌డీ, రెండు యాప్‌లూ ఉండాలి, ఒకటే వేసుకుని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మొహం నల్లగా పడుతుంది, వెలుతురు ఎదురుగా ఉండాలి. రెప్ప వేయమన్నప్పుడు వేయాలి. తాతయ్య రెప్ప వేయరు, గుడ్లురుముతారు. ప్రమాణ్ ఐడీ వచ్చిందని ఊరుకోకూడదు, పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు) నంబరు ఒక్క అంకె తప్పినా తర్వాత తిరస్కరిస్తారు. నాలుగు రోజులాగి స్థితి చూసుకోవాలి.

ఓటర్ల జాబితా సవరణ శిబిరాలు సాధారణంగా శని, ఆదివారాలే. వనభోజనాలూ ఆదివారమే. ఇల్లు మారినవాళ్లు ఫారం 8 నింపాలి, ఫారం 6 కాదు, అది కొత్త ఓటరుకి. ఫారం ఆన్‌లైన్లో పెట్టి ఉసిరి చెట్టు కిందికి పోవచ్చు. బీఎల్‌ఓ (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) విచారణకు వచ్చినప్పుడు మాత్రం తలుపు తీసే మనిషొకరు ఇంట్లో ఉండాలి.

కాబట్టి కోడ్ ముసాయిదా ఇది. దీపావళి మర్నాటి నుంచి పోలి పాడ్యమి దాకా కొత్త పిలుపులు నిషేధం. అంతకుముందే బొట్టు పెట్టి పిలిచినవి చెల్లుతాయి, వాట్సాప్ శుభలేఖ పిలుపు కిందికి రాదు. ఒక ఇంటి నుంచి ఒక పెళ్లికి ఇద్దరు ప్రతినిధులు చాలు, చదివింపులు పూర్తిగా ముడితే గైర్హాజరు లెక్కలోకి రాదు. పౌర్ణమికి 365 వత్తులు ముందురాత్రే నేతిలో నానబెట్టే బాధ్యత ఊరెళ్లని వాళ్లది.

అభ్యంతరాలు పెద్దత్తయ్యకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆవిడ ఈ నెలంతా పెళ్లిళ్లలోనే ఉంటారు.