వారసత్వాన్ని తొక్కుకుంటూ పోచంపల్లికి

చేనేతను కాపాడాలని మా సైక్లింగ్ బృందం గట్టిగా తీర్మానించుకుంది. ఆదివారం తెల్లారి నాలుగున్నరకే ఎనిమిది కార్లలో బయల్దేరాం. కార్లెందుకంటారా? సైకిళ్లను మోసుకెళ్లడానికి. లక్షన్నర పెట్టి కొన్న సైకిల్‌ను సిటీ గుంతల్లో దింపితే పర్యావరణానికి మంచిదేమో గానీ సైకిల్‌కు కాదు. ఔటర్ రింగు రోడ్డు దాటాక సైకిళ్లు దించుకుని, కార్లను మెల్లగా వెనకే రమ్మన్నాం. పంక్చర్ పడితే? సుస్థిర పర్యాటకానికి ఆ మాత్రం ముందుచూపు ఉండాలి.

ఈ దారికి 'వారసత్వ సైకిల్ మార్గం' అని మేమే పేరు పెట్టుకున్నాం. ఊరికి అర్హత లేదని కాదు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. అప్పటికే అది మున్సిపాలిటీ అయిపోయిందనుకోండి, ఆ ముక్క వాళ్ల చెవిన ఎవరూ వేసినట్టు లేరు.

వినోబా కూడా ఈ ఊరికి వచ్చారు, 1951 ఏప్రిల్ 18న. సైకిల్ లేదు, హెల్మెట్ లేదు, నడిచే వచ్చారు. భూమి లేనివాళ్ల కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చేశారు. మేం అంత తొక్కి వచ్చి, చీర మీద అయిదొందలు తగ్గించమంటే నేతాయన ససేమిరా అన్నాడు. దానగుణం ఎంత పడిపోయిందో చూడండి.

ఆయన గుమ్మం పక్కన పాత అట్లాస్ సైకిల్ ఉంది, క్యారియర్ మీద నూలు మూటతో. (ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది 2020 జూన్ 3న. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.) గ్రూప్ ఫొటోకు అడ్డొస్తోందని దాన్ని పక్కకు పెట్టించాం.

లోపల ఒక పెద్దమ్మ ఆసు పోస్తోంది, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ వరసగా చుడుతోంది. ఒక్క చీరకు ఆ చెయ్యి తొమ్మిది వేల సార్లు ఈ కొస నుంచి ఆ కొసకు తిరగాలట. చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టింది తల్లి పడే ఈ బాధ చూడలేకే. 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. పెద్దమ్మ ఇంటికి మాత్రం యంత్రం ఇంకా రాలేదు. మా కెప్టెన్ తన వాచీలో కరిగిన కేలరీలు చూపిస్తూ మోకాలు పట్టేసిందని మూలిగాడు. పెద్దమ్మకు జాలేసింది.

"గింత దూరం తొక్కుకుంట ఎందుకొచ్చిన్రు బిడ్డా, బస్సులు బందున్నయా?"

చేనేత మీద గౌరవంతోనే వచ్చామని, కావాలంటే జెర్సీ చూడమని చెప్పాం. మా జెర్సీల నిండా ఇక్కత్ డిజైనే మరి. నేతాయన మగ్గం దిగి వచ్చి, నా చెయ్యి పట్టుకుని చొక్కా అంచు తిరగేశాడు. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి రంగు వేసి, ఆ తర్వాత నేస్తారు. అందుకే బొమ్మ రెండు వైపులా పడుతుంది. నా జెర్సీ లోపలి వైపు పాలలా తెల్లగా ఉంది.

"పాలిస్టరా సార్?" అన్నాడు.

"చెమట పీల్చదు అన్నా, తొందరగా ఆరుతుంది" అన్నాను.

ఆయన మళ్లీ మగ్గంలోకి దిగాడు. మేం చాయ్ తాగి, సైకిళ్లు కార్లకెక్కించి, ఎండ ముదరకముందే ఇళ్లకు చేరాం. వచ్చే నెల నారాయణపేట. జెర్సీలకు సూరత్‌లో ఆర్డర్ ఇచ్చేశాం.